గ్రానైటు భౌతిక లక్షణాల నుంచి దాని రసాయన కూర్పును అంచనా వేయడం ఎలా?

గ్రానైటు ముక్కను విశ్లేషణకు పంపకుండా, దాని సాంద్రతను, రంగును, గట్టిదనాన్ని, అయస్కాంత గుణాన్ని బట్టి అందులో సిలికా ఎంత, అల్యూమినా ఎంత, పొటాషియం ఎంత అన్నది చెప్పగలమా అని అడిగితే, చెప్పగలం గాని నేరుగా చెప్పలేం అన్నది సరైన సమాధానం. సాంద్రతను ఒక సూత్రంలో వేసి సిలికా శాతాన్ని రాబట్టే దగ్గరిదారి గ్రానైటు విషయంలో పనిచేయదు. మధ్యలో ఖనిజాలనే మజిలీ ఒకటి తప్పనిసరిగా ఉంది: భౌతిక లక్షణాల నుంచి ఏ ఖనిజం ఎంత శాతం ఉందో తేల్చాలి, ఆ తరువాత ఒక్కొక్క ఖనిజానికీ తెలిసిన రసాయన కూర్పును ఆ శాతంతో గుణించి కూడాలి.

దగ్గరిదారి ఎందుకు పనిచేయదో ముందే గ్రహిస్తే తరువాతి మెట్లన్నీ సులువవుతాయి. గ్రానైటులోని పలుగు, అంటే క్వార్ట్జ్, సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు. గ్రానైట్లలో సాధారణంగా కనిపించే ఒలిగోక్లేజ్ అనే ప్లాజియోక్లేజ్ (సోడియం, కాల్షియం ఉన్న) ఫెల్డ్‌స్పార్ సాంద్రత కూడా ఇంచుమించు 2.65. మొదటిది నూటికి నూరుపాళ్లు సిలికా కాగా, రెండోదానిలో సిలికా 63 శాతం మాత్రమే. రాయిలో పలుగు 10 శాతం తగ్గి ఆ చోటును ఒలిగోక్లేజ్ ఆక్రమిస్తే సిలికా మూడున్నర శాతం పైగా పడిపోతుంది, త్రాసుకు మాత్రం ఏ తేడా తెలియదు. పొటాషియం ఫెల్డ్‌స్పార్ 2.57 దగ్గర, బయొటైట్ అనే నల్ల అభ్రకం 3.05 దగ్గర, అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం మాగ్నటైట్ 5.18 దగ్గర ఉంటాయి. కాబట్టి సాంద్రత మనకు చెప్పేది ముఖ్యంగా నల్ల ఖనిజాల సంగతి, అంటే ఇనుము, మెగ్నీషియం సంగతి. సిలికా సంగతి తేలాలంటే పలుగును కంటితో లెక్కపెట్టాలి, పొటాషియం సంగతికి ఇంకో సాక్ష్యం కావాలి.

రాయిని ఎంచుకోవడం

కిలో నుంచి కిలోన్నర బరువున్న తాజా ముక్క కావాలి. గింజలు సెంటీమీటరు మించిన ముతక రాయి అయితే ఇంకా పెద్దది తీసుకోవాలి. ఎందుకంటే చిన్న ముక్కలో రెండు పెద్ద ఫెల్డ్‌స్పార్ గింజలు పడినా లెక్క మొత్తం అటు వాలిపోతుంది. ఎండకూ వానకూ ఏళ్లతరబడి నాని మొరంగా మారుతున్న పైపొర పనికిరాదు. ఫెల్డ్‌స్పార్ బంకమన్నుగా మారేటప్పుడు సోడియం, కాల్షియం నీటితో కొట్టుకుపోతాయి గనుక, అలాంటి ముక్కకు మనం వేసే లెక్క ఆ రాయి పుట్టినప్పటి కూర్పుకూ వర్తించదు, ఇప్పటి కూర్పుకూ వర్తించదు. సుత్తితో కొట్టినప్పుడు ఖంగుమని మోగి, విరిగిన అంచు పదునుగా ఉండే రాయి మంచిది.

కటింగ్ మిల్లులో మిగిలిన స్లాబు ముక్కలు సులువుగా దొరుకుతాయి గాని ఒక జాగ్రత్త అవసరం. పాలిష్ చేసే ముందు చాలా స్లాబులకు పగుళ్లు పూడ్చడానికి రెజిన్ పూస్తారు, నలుపు తేలడానికి కొన్నిటికి రంగు కూడా పట్టిస్తారు. అసిటోన్‌లో ముంచిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటుకుంటుందేమో చూసి, అంటుకుంటే ఆ ముక్కను పక్కన పెట్టడమే మంచిది. లేకుంటే పాలిష్ లేని వెనుకవైపును, లేదా కొత్తగా కోయించిన ముఖాన్ని వాడాలి.

అది గ్రానైటేనా?

వ్యాపారంలో గ్రానైటు అనిపించుకునేదంతా భూవిజ్ఞానంలో గ్రానైటు కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతటికీ వెళ్లే బ్లాక్ గెలాక్సీ, గాబ్రో అనే, సిలికా తక్కువున్న నల్ల రాళ్ల కుటుంబానికి చెందినది. అందులో మెరిసే రాగి రంగు చుక్కలు పైరాక్సిన్ అనే ఖనిజం గింజలు. నల్ల గ్రానైటు పేరుతో అమ్మే చాలా రాళ్లు డోలరైట్లు, అంటే గాబ్రోను పోలిన సన్నగింజల రాళ్లు. వీటి సిలికా 50 శాతం అటూ ఇటూ ఉంటుంది, సాంద్రత 2.9 నుంచి 3.05 దాకా వెళుతుంది. సాంద్రత 2.80 దాటిందంటే ఈ పద్ధతిని అక్కడితో ఆపేయాలి. దీనికి భిన్నంగా హైదరాబాదు చుట్టుపక్కల గుట్టలుగా నిలిచిన బూడిద, గులాబీ రంగు రాళ్లు అసలైన గ్రానైట్లు. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గోల్కొండ కోట నిలిచింది ఆ రాతిమీదే. ఈ వ్యాసంలో లెక్క నడపడానికి అలాంటి గులాబీ గ్రానైటుకు సరిపడే అంకెలను ఉదాహరణగా తీసుకుందాం.

అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం పలుగు, పొటాషియం ఫెల్డ్‌స్పార్, ప్లాజియోక్లేజ్ మూడింటినీ కలిపి 100గా తీసుకున్నప్పుడు పలుగు 20 నుంచి 60 శాతం మధ్య ఉండాలి, మొత్తం ఫెల్డ్‌స్పార్లలో ప్లాజియోక్లేజ్ వాటా 10 నుంచి 65 శాతం మధ్య ఉండాలి. ప్లాజియోక్లేజ్ వాటా 65 దాటితే అది గ్రానోడయొరైట్. ఖనిజాల లెక్క పూర్తయ్యాక ఈ పరీక్షను మరోసారి చేసుకోవాలి.

సాంద్రతను కొలవడం

పరికరాలు ఖరీదైనవేమీ కావు: 0.1 గ్రాము దాకా చూపే కాటా, బకెట్టు, సన్నని నైలాన్ దారం, థర్మామీటరు. చేయవలసిన పని మాత్రం ఓపికగా చేయాలి, ఎందుకంటే ఇక్కడ రెండో దశాంశ స్థానంలో జరిగే తప్పు చివరికి ఇనుము శాతాన్ని తారుమారు చేస్తుంది.

ముక్కను 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక రోజంతా ఆరబెట్టి, చల్లారాక తూచాలి. మన ఉదాహరణలో ఈ పొడి బరువు 1248.6 గ్రాములు అనుకుందాం. తరువాత రెండు రోజులు నీళ్లలో నాననిచ్చి, తీసి, తడిగుడ్డతో పైతడి మాత్రమే తుడిచి తూస్తే 1251.1 గ్రాములు వచ్చింది. అంటే సన్నని పగుళ్లలోకి 2.5 గ్రాముల నీరు, పొడి బరువులో 0.20 శాతం, చేరింది. కట్టడపు గ్రానైటుకు అమెరికా ప్రమాణం అనుమతించే గరిష్ఠ నీటి పీల్పు 0.40 శాతం కాబట్టి ఇది మంచి రాయి కిందే లెక్క.

ఇప్పుడు నీళ్లున్న పాత్రను కాటామీద పెట్టి సున్నా చేసి, నానిన రాయిని దారంతో వేలాడదీసి పాత్ర అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా ముంచాలి. రాయికి అంటుకున్న గాలి బుడగలను వేలితో తుడిచేయాలి. కాటా చూపే అంకె రాయి బరువు కాదు, రాయి పక్కకు తోసిన నీటి బరువు. అది 469.9 గ్రాములు వచ్చిందనుకుంటే, అందులోంచి పగుళ్లలో చేరిన 2.5 గ్రాములను తీసేయగా మిగిలే 467.4 గ్రాములు కేవలం ఖనిజాల ఘనపరిమాణానికి సమానమైన నీరు. 1248.6ను 467.4తో భాగిస్తే 2.671 వస్తుంది.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు, ఆగకూడదు. నీటి సాంద్రత సరిగ్గా 1 కాదు. 20 డిగ్రీల దగ్గర 0.9982, 25 దగ్గర 0.9970, 30 దగ్గర 0.9957. మన ఎండలకు కుళాయి నీరు 30 డిగ్రీలు ఉండటం మామూలే. 2.671ను 0.9957తో గుణిస్తే అసలు సాంద్రత 2.660. ఈ 0.011 తేడా చిన్నదిగా కనిపించినా, ఒక శాతం ఫెల్డ్‌స్పార్ స్థానంలో బయొటైట్ వస్తే రాతి సాంద్రత సుమారు 0.0044 మాత్రమే పెరుగుతుందని గుర్తుంచుకుంటే, నీటి వేడిని పట్టించుకోకపోవడం వల్ల రాయిలో లేని బయొటైట్‌ను రెండున్నర శాతం కల్పించినట్టవుతుందని తెలుస్తుంది.

మాగ్నటైట్‌ను ముందే వేరు చేయడం

మాగ్నటైట్ పరిమాణంలో అర శాతం ఉన్నా సాంద్రతను 0.013 దాకా పెంచుతుంది. అది మూడు శాతం బయొటైట్‌తో సమానం. కాబట్టి సాంద్రతను నల్ల ఖనిజాలకు పంచే ముందే దీని వాటా తేలాలి. రాతిమీద ఆనించి పెట్టి, అది ఎంతగా అయస్కాంతీకరణకు లోనవుతుందో కొలిచే అయస్కాంత ససెప్టిబిలిటీ మీటరు దీనికి ఉత్తమ సాధనం. మాగ్నటైట్ ఒక శాతం ఉన్న రాయికి ఎస్‌ఐ ప్రమాణంలో 0.03 నుంచి 0.04 వరకు రీడింగు వస్తుంది. మన రాయికి 0.015 వస్తే సుమారు అర శాతం అని రాసుకోవచ్చు. జపాన్ భూవిజ్ఞాని షున్సో ఇషిహారా 1977లో గ్రానైట్లను మాగ్నటైట్ శ్రేణి, ఇల్మనైట్ శ్రేణి అని విభజించారు. రెంటికీ మధ్య గీత 0.003 దగ్గర ఉంటుంది. అంతకన్నా తక్కువ రీడింగు వస్తే మాగ్నటైట్‌ను సున్నాగా తీసుకున్నా పెద్ద దోషం లేదు.

మీటరు లేనివారు తూచిన రాతిపొడిలోంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన అయస్కాంతంతో నల్ల రేణువులను ఏరి తూచవచ్చు. అయితే రాతిని ఇనుప రోలులో దంచితే రోలు నుంచి రాలిన ఇనుము కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది; ఈ దారి ఉజ్జాయింపుకు మాత్రమే పనికొస్తుంది.

ఖనిజాలను లెక్కపెట్టడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం తీసుకోవలసిన మెట్టు ఇది. ముందు భూతద్దంతో ఖనిజాలను గుర్తుపట్టడం అలవాటు చేసుకోవాలి. పలుగు బూడిదరంగులో, గాజు విరిగినట్టు వంకరగా విరుగుతుంది, దానికి చదునైన తలాలు ఉండవు. ఫెల్డ్‌స్పార్‌ను వెలుగులో తిప్పితే చదునైన తలం ఒక్కసారిగా తళుక్కుమంటుంది. ప్లాజియోక్లేజ్ తలంమీద గీసినట్టుండే సన్నని సమాంతర రేఖలు కనిపిస్తాయి, పొటాషియం ఫెల్డ్‌స్పార్ మీద అవి ఉండవు. గట్టిదనం ఇక్కడ కొంతవరకే సాయపడుతుంది: పలుగు 7, ఫెల్డ్‌స్పార్ 6, బయొటైట్ 3 లోపు. నల్ల గింజను సూదిమొనతో గీరితే రేకులుగా లేచేది బయొటైట్, లేవకుండా గట్టిగా నిలిచేది హార్న్‌బ్లెండ్. ఈ రెంటినీ కలిపేయకూడదు. బయొటైట్‌లో 9 శాతం దాకా పొటాషియం ఆక్సైడ్ ఉంటే హార్న్‌బ్లెండ్‌లో అది ఒక శాతం దగ్గరే ఉంటుంది, దాని బదులు 11 శాతం దాకా కాల్షియం ఆక్సైడ్ ఉంటుంది.

గులాబీ రంగంతా పొటాషియమే అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆ రంగు ఫెల్డ్‌స్పార్ లోపలి అతి సన్నని హెమటైట్ (ఎర్రని ఐరన్ ఆక్సైడ్) రేణువులది. తెల్లని పొటాషియం ఫెల్డ్‌స్పార్ ఎంతో ఉంది, ఎర్రబారిన ప్లాజియోక్లేజ్ కూడా ఉంది. ప్రయోగశాలల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఆవిరి పట్టించి, సోడియం కోబాల్టినైట్రైట్ ద్రావణంలో ముంచి పొటాషియం ఫెల్డ్‌స్పార్‌ను పసుపుపచ్చగా మారుస్తారు. ఆ ఆమ్లం చర్మంలోంచి లోపలికి దిగి, మొదట నొప్పి తెలియనివ్వకుండానే ప్రాణాపాయం తెచ్చే పదార్థం గనుక, తగిన హుడ్డూ కాల్షియం గ్లూకొనేట్ మందూ శిక్షణా లేనిచోట ఆ పని తలపెట్టరాదు. ఇంటి దగ్గర చేసేవారికి రేఖలను చూసి తేల్చడమే దారి.

గుర్తుపట్టడం కుదిరాక, కోసిన ముఖాన్ని తడిపి దానిమీద గళ్లు గీసిన పారదర్శక షీటు పరచి, ప్రతి గీతల కూడలి కింద ఏ ఖనిజం ఉందో వరసగా నమోదు చేయాలి. గడి వెడల్పు సగటు గింజకన్నా పెద్దదిగా ఉండాలి, లేకుంటే ఒకే గింజను పదేపదే లెక్కపెడతాం. ముఖంమీద ఒక ఖనిజం ఆక్రమించే వైశాల్యం శాతమే రాయిలో దాని ఘనపరిమాణం శాతమని ఫ్రెంచి భూవిజ్ఞాని అషీల్ డెలెస్ 1847లో చూపారు. ఈ లెక్కకు ఆధారం అదే. 600 బిందువులు లెక్కపెడితే 28 శాతం పలుగుకు ప్రామాణిక దోషం 1.8 శాతం. 1,000 బిందువులకు అది 1.4కు తగ్గుతుంది. శ్రమ అంత పెరిగినా దోషం ఇంతే తగ్గుతుంది కాబట్టి, ఒకే ముఖంమీద 1,000 బిందువులకన్నా వేర్వేరు ముఖాలమీద మూడేసి వందలు లెక్కపెట్టడం నా దృష్టిలో మేలు. లెక్కపెట్టకుండా ఊరికే చూసి చెప్పేవారు నల్ల ఖనిజాలను దాదాపు ఎప్పుడూ ఎక్కువ చెబుతారు, ఎందుకంటే తెల్లని నేపథ్యంలో కన్ను ముందు నలుపు మీదికే పోతుంది.

మన ఉదాహరణకు వచ్చిన లెక్క ఇది: పలుగు 28, పొటాషియం ఫెల్డ్‌స్పార్ 35, ప్లాజియోక్లేజ్ 30, బయొటైట్ 6.5, మాగ్నటైట్ 0.5 శాతం.

లెక్కను సాంద్రతతో సరిచూడటం

ఒక్కొక్క శాతాన్ని ఆ ఖనిజం సాంద్రతతో గుణించి కూడాలి. పలుగు 28కి 74.20, పొటాషియం ఫెల్డ్‌స్పార్ 35కి 89.95, ప్లాజియోక్లేజ్ 30కి 79.50, బయొటైట్‌కు 19.83, మాగ్నటైట్‌కు 2.59; మొత్తం 266.07. అంటే లెక్క ప్రకారం సాంద్రత 2.661, నీటిలో కొలిచినది 2.660. సరిపోయింది. బయొటైట్‌ను కంటితో 10 శాతంగా అంచనా వేసి ఉంటే లెక్క 2.676 చూపేది, త్రాసు ఒప్పుకునేది కాదు. తేడా 0.01 దాటినప్పుడు ముందుగా అనుమానించవలసింది నల్ల ఖనిజాల శాతాన్ని. పలుగు, ప్లాజియోక్లేజ్ ఒకదానికొకటి మారిపోయినా ఈ పరీక్ష పట్టుకోలేదన్న సంగతిని మాత్రం మరవకూడదు.

ఆ గుణించిన అంకెలనే 266.07తో భాగిస్తే బరువు శాతాలు వస్తాయి: పలుగు 27.89, పొటాషియం ఫెల్డ్‌స్పార్ 33.81, ప్లాజియోక్లేజ్ 29.88, బయొటైట్ 7.45, మాగ్నటైట్ 0.97. ఇకమీదట లెక్కంతా వీటితోనే.

ఖనిజాల నుంచి ఆక్సైడ్లకు

ఇప్పుడు కావలసింది ఒక్కొక్క ఖనిజం కూర్పు. గ్రానైటులోని పొటాషియం ఫెల్డ్‌స్పార్‌లో ఆల్బైట్ (సోడియం ఫెల్డ్‌స్పార్) పొరలు కొన్ని కలిసే ఉంటాయి గనుక, 15 శాతం ఆల్బైట్ కలిపి తీసుకుంటే అందులో సిలికా 65.4, అల్యూమినా 18.5, పొటాషియం ఆక్సైడ్ 14.4, సోడియం ఆక్సైడ్ 1.8 శాతం. ప్లాజియోక్లేజ్‌ను 20 శాతం అనార్థైట్ (కాల్షియం ఫెల్డ్‌స్పార్) ఉన్న ఒలిగోక్లేజ్‌గా తీసుకుంటే సిలికా 63.4, అల్యూమినా 23.1, సోడియం ఆక్సైడ్ 9.3, కాల్షియం ఆక్సైడ్ 4.2. బయొటైట్ కూర్పు రాయిరాయికీ మారుతుంది. గ్రానైట్లకు సిలికా 36, అల్యూమినా 15, ఐరన్ ఆక్సైడ్ 20, మెగ్నీషియం ఆక్సైడ్ 10, పొటాషియం ఆక్సైడ్ 9, టైటానియం ఆక్సైడ్ 3, నీరు 4 అనుకోవడం సబబు. మాగ్నటైట్ అంతా ఐరన్ ఆక్సైడే. దాన్ని ఫెర్రస్ ఆక్సైడ్‌గా చూపితే 93 శాతం.

సిలికాను కూడదాం. పలుగు నుంచి 27.89, పొటాషియం ఫెల్డ్‌స్పార్ నుంచి 22.10, ప్లాజియోక్లేజ్ నుంచి 18.94, బయొటైట్ నుంచి 2.68, వెరసి 71.6 శాతం. ఇదే తీరున అల్యూమినా 14.3, పొటాషియం ఆక్సైడ్ 5.5, సోడియం ఆక్సైడ్ 3.4, కాల్షియం ఆక్సైడ్ 1.3, మొత్తం ఇనుము ఫెర్రస్ ఆక్సైడ్‌గా 2.4, మెగ్నీషియం ఆక్సైడ్ 0.75, టైటానియం ఆక్సైడ్ 0.2, నీరు 0.3 వస్తాయి. మొత్తం 99.7కు దగ్గరగా నిలుస్తుంది. 2,485 గ్రానైటు విశ్లేషణల ప్రపంచ సగటుగా విరివిగా ఉదహరించే అంకెల్లో సిలికా 72.04, అల్యూమినా 14.42, పొటాషియం ఆక్సైడ్ 4.12, సోడియం ఆక్సైడ్ 3.69, కాల్షియం ఆక్సైడ్ 1.82 శాతం. దీనితో పోలిస్తే మన రాయి సిలికాలో సగటు దగ్గరే ఉన్నా, పొటాషియంలో పైన ఉంది, కాల్షియంలో కింద ఉంది. పొటాషియం ఫెల్డ్‌స్పార్ మిక్కిలిగా ఉన్న గులాబీ గ్రానైటుకు ఇది తగిన కూర్పే.

ఈ లెక్కలో ఒక సౌకర్యం దాగి ఉంది. రెండు ఫెల్డ్‌స్పార్లలోనూ సిలికా ఇంచుమించు సమానం కాబట్టి, వాటిని ఒకదానితో ఒకటి పొరబడినా సిలికా శాతం పెద్దగా కదలదు. ఆ రెంటి సిలికా సగటైన 64.4తో మొదలుపెట్టి, బరువులో ఒక్కొక్క శాతం పలుగుకు 0.36 కలిపి, ఒక్కొక్క శాతం బయొటైట్‌కు 0.28, మాగ్నటైట్‌కు 0.64 తీసేస్తే మన రాయికి అదే అంకె, కొద్దిపాటి తేడాతో, వచ్చేస్తుంది. అదే పొరపాటు పొటాషియం, సోడియంలను మాత్రం తలకిందులు చేస్తుంది. అందుకే వాటికి వేరే సాక్షి కావాలి.

పొటాషియానికి, పలుగుకు వేరే సాక్షులు

పొటాషియానికి మంచి సాక్షి దాని సహజ రేడియోధార్మికత. పొటాషియం-40 విడుదల చేసే 1.46 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలను చేతి గామా స్పెక్ట్రోమీటరు లెక్కించి పొటాషియం శాతాన్ని నేరుగా చూపిస్తుంది. ఆ శాతాన్ని 1.205తో గుణిస్తే పొటాషియం ఆక్సైడ్ వస్తుంది. మన రాయికి మీటరు 4.6 చూపితే ఆక్సైడ్ 5.5 శాతం, అంటే ఖనిజాల లెక్క నిలబడినట్టే. మీటరు 3.5 మాత్రమే చూపితే ప్లాజియోక్లేజ్‌ను పొటాషియం ఫెల్డ్‌స్పార్‌గా లెక్కపెట్టామని అర్థం. వెనక్కి వెళ్లి గింజలను మళ్లీ చూడాలి. ఈ మీటర్లను విశాలమైన చదునైన రాతి ముఖానికి సరిపడేలా క్రమాంకనం చేస్తారు కాబట్టి, కొలతను చిన్న ముక్కమీద కాకుండా, ముక్క తీసిన బండమీదే, అంచులకు దూరంగా తీసుకోవాలి.

పలుగుకు సాక్షి ఉష్ణవాహకత. పలుగుది మీటరుకు కెల్విన్‌కు 7.7 వాట్లు, మిగతా ఖనిజాలది సగటున 2.1 దగ్గర. ఒక్కొక్క వాహకతకు ఆ భాగపు ఘనపరిమాణ వాటాను ఘాతంగా వేసి, వచ్చినవాటిని గుణిస్తే 28 శాతం పలుగున్న రాయికి సుమారు 3.0, 18 శాతం ఉన్నదానికి 2.65 వస్తుంది. ధ్వని వేగాలు కూడా ఇలాంటి సాక్ష్యమే ఇస్తాయి. పలుగులో పి తరంగ (నొక్కుడు తరంగం) వేగానికీ ఎస్ తరంగ (అడ్డంగా ఊగే తరంగం) వేగానికీ ఉన్న నిష్పత్తి 1.48 కాగా ఫెల్డ్‌స్పార్లలో 1.8కి పైనే. కాని వాతావరణ పీడనం దగ్గర పగుళ్లు ఈ వేగాలను ఎంతగా దించేస్తాయంటే, ఖనిజాల ప్రభావం ఆ గొడవలో కలిసిపోతుంది. రాయిని అధిక పీడనంలో ఉంచే పరికరాలు లేనివారు దీని జోలికి పోకుండా ఉష్ణవాహకతతో సరిపెట్టుకోవడం మంచిది.

అంకెలను ఎంతవరకు నమ్మాలి

పలుగు లెక్కలో రెండు ప్రామాణిక దోషాలను, అంటే 3.7 శాతాన్ని, అనుమతిస్తే సిలికా 1.3 అటూ ఇటూ కదులుతుంది. కాబట్టి 71.6 అని కాకుండా 70 నుంచి 73 అని రాయాలి. బయొటైట్‌లో ఐరన్ ఆక్సైడ్ 15 నుంచి 25 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చు గనుక రాతి ఇనుము అంచనా దాదాపు 0.4 అటూ ఇటూ ఉంటుంది. కాల్షియం బలహీనమైన లింకు: ప్లాజియోక్లేజ్‌లో అనార్థైట్ 10 శాతమైతే రాతిలో కాల్షియం ఆక్సైడ్ 0.6, అదే 30 అయితే 1.9. దీన్ని బిగించాలంటే 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన పలుచని ఛేదాన్ని ధ్రువణ సూక్ష్మదర్శినిలో పెట్టి, జంట స్ఫటికాల విలోప కోణాలను, అంటే స్ఫటికం చీకటిగా మారే కోణాలను, కొలవాలి.

రసాయన విశ్లేషణ మాత్రం తిరుగులేనిదని అనుకోనక్కరలేదు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం వెస్టర్లీ గ్రానైటును జీ-1 అనే పేరుతో పొడిచేసి పలు ప్రయోగశాలలకు పంచి, వచ్చిన ఫలితాలను 1951లో ప్రచురించినప్పుడు, ఒకే పొడికి అనుభవజ్ఞులైన రసాయనవేత్తలు ఇచ్చిన అంకెలు ఊహించనంతగా విభేదించాయి. అయినా భాస్వరం, జిర్కోనియం, రుబీడియం, అరుదైన మృత్తికా మూలకాల విషయంలో మన పద్ధతి పూర్తిగా చేతులెత్తేస్తుంది. అవి కంటికి అందని అపటైట్, జిర్కాన్ గింజల్లోనో, ఫెల్డ్‌స్పార్ స్ఫటికంలో పొటాషియం స్థానంలోనో దాగి ఉంటాయి, వాటివల్ల సాంద్రతలో కొలవదగిన మార్పేదీ రాదు. ఆ గడులను ఖాళీగా వదిలేసి, అవి అవసరమైతే అదే ముక్కలో మిగిలిన భాగాన్ని ఎక్స్-రే ఫ్లోరోసెన్స్ విశ్లేషణకు పంపాలి. నానబెట్టి తూచిన ముక్కను పారేయకుండా దాచమనేది ఇందుకే.